ముగ్గురి మేళం: మన మన్యంలోనూ, ఏడు సముద్రాల అవతలా

మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు సర్దుకుని, కాసేపు నడుం వాలుద్దామని చాప పరుచుకున్నాను. మా అమ్మాయి గదిలోంచి హార్మోనియం వినిపించింది. చిన్నప్పుడు మా ఊళ్లో పద్యనాటకాలు ఆడేటప్పుడు తెర పక్కన కూర్చుని వాయించేవారే, అచ్చం అదే గొంతు. కాకపోతే ఏదో దిగులు, మధ్యలో ఒక్కసారిగా విసురు.

"ఏమే, సత్య హరిశ్చంద్ర పెట్టావా?" అనడిగాను. అమ్మాయి పడీపడీ నవ్వింది. "హార్మోనియం కాదమ్మా, దీన్ని బాండోనియన్ అంటారు. ఇది టాంగో. జాజ్ వాయించే ముగ్గురు కలిసి చేశారు" అంది. నవ్వితే నవ్వింది గానీ నా చెవి తప్పు చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆ రెండు వాయిద్యాలకీ నిజంగానే చుట్టరికం ఉంది! ఆ చుట్టరికం వెతుక్కుంటూ వెళితే చివరికి మా గుమ్మం ముందున్న అడవి దగ్గరే తేలాను. అదెలాగో చెబుతాను వినండి.

హార్మోనియం చెల్లెలు

హార్మోనియంలో తిత్తి ఊదితే గాలి లోపలికి వెళ్లి పల్చటి లోహపు నాలుకల్ని ఆడిస్తుంది. ఆ నాలుకల అదురే మనకు వినిపించే స్వరం. పిల్లలు ఊదే మౌతార్గాన్‌లోనూ అంతే, బాండోనియన్‌లోనూ అంతే. బాండోనియన్ చూడటానికి చతురస్రంగా ఉండే చిన్న పెట్టె. మధ్యలో మడతలు మడతల తిత్తి, రెండు పక్కలా బొత్తాలు. ఒళ్లో పెట్టుకుని సాగదీస్తూ, నొక్కుతూ వాయిస్తారు. టాంగో వాళ్లు వాడేదానికి సాధారణంగా 71 బొత్తాలుంటాయి. మరో తమాషా ఏమిటంటే, చాలా బొత్తాలకి తిత్తి సాగదీసినప్పుడు ఒక స్వరం, మూసినప్పుడు ఇంకో స్వరం పలుకుతుంది. ఇడ్లీ పాత్ర మూత ఎటు తిప్పాలో ఒక్కోసారి తికమక పడే నాబోటిదానికి వింటేనే కళ్లు తిరిగాయి!

ఇది పుట్టింది జర్మనీలో, 1840ల నాటి మాట. హైన్‌రిష్ బాండ్ అనే సంగీత వ్యాపారి పేరు మీద దానికా పేరొచ్చింది. ఓడల్లో వలస వెళ్లినవాళ్లతో పాటు దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా చేరి, అక్కడి టాంగోకి ప్రాణమైపోయింది. మన హార్మోనియం కథా ఇలాంటిదే. ఫ్రాన్స్‌లో దెబాన్ అనే ఆయన 1842లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అక్కడ కాలితో తొక్కి వాయించేవారు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఊదుతూ, ఇంకో చేత్తో వాయించుకునేలా మార్చారు. అలా అది మన భజనల్లోకీ నాటకాల్లోకీ వచ్చేసింది. అయినా పరాయిదన్న ముద్ర ఒక పట్టాన పోలేదు. ఆలిండియా రేడియోలో 1940 నుంచి 1971 దాకా హార్మోనియం మీద నిషేధమే ఉండేదంటే నమ్ముతారా? పుట్టింటి నుంచి వచ్చిన కోడల్ని "మనింటిది" అనడానికి ముప్ఫై ఏళ్లు పట్టినట్టుంది!

ముగ్గురే ఎందుకు?

జాజ్ అంటే అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ ఊళ్లో నల్లజాతివారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రూపుదిద్దిన సంగీతం. ఒక వరస ముందే అనుకుంటారు. ఆపైన ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు అప్పటికప్పుడు మనసుకి తోచినట్టు అల్లుకుంటూ పోతారు. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, ఆ తోవలోదే. అందుకే మన పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) పద్నాలుగేళ్ల వయసులో, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మన కర్ణాటక సంగీతం వాయిస్తే అక్కడివాళ్లు అంతగా ఆదరించారు. ఆయన చేతిలోది కూడా పడమటి వాయిద్యమేగా!

జాజ్‌లో ముగ్గురి మేళం చాలా మామూలు. ఒకరు పియానో, ఒకరు లావుపాటి తీగల బేస్, ఒకరు డ్రమ్ములు. కొత్తగా చేసేవాళ్లు పియానో తీసేసి బాండోనియన్ పెడతారు, ఇంకేదైనా అరుదైన వాయిద్యమూ పెడతారు. కరెంటుతో పనిలేని, చెక్కా తోలూ లోహమూ తమంత తాము పలికే వాయిద్యాలన్నమాట.

ముగ్గురే ఎందుకంటే, ముగ్గురిలో ఎవరూ దాక్కోలేరు. మిరియాల చారు చూడండి. చింతపండు, ఉప్పు, మిరియం. ఏది కాస్త అటూ ఇటూ అయినా నాలుకకి ఇట్టే తెలిసిపోతుంది. పదహారు దినుసులేసిన కూరలో అయితే ఏదో ఒకటి కలిసిపోతుంది. సంగీతంలోనూ అంతే. ముగ్గురే ఉంటే ఒకరు తాళం నిలపాలి, ఒకరు పాట నడపాలి, మూడోవాళ్లు బదులు పలకాలి. ఒకరు ఆగితే మేళం కుంటుతుంది.

ఇక టాంగో. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్, ఉరుగ్వేలోని మాంటెవిడియో రేవుల్లో పుట్టింది. రెండూ ఒకే నదికి చెరో ఒడ్డున ఉన్న ఊళ్లు. యూరప్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన బీదవాళ్ల పాటలూ, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావారి తాళాలూ, అక్కడి పల్లెపాటలూ అన్నీ కలిసిపోయి టాంగో అయింది. పెద్దిళ్లవాళ్లు మొదట్లో దాన్ని గడప తొక్కనివ్వలేదు. 1913 ప్రాంతంలో పారిస్ నగరం టాంగో మోజులో పడింది. పారిస్ మెచ్చిందని తెలిశాక గానీ సొంత ఊరి గొప్పింటివాళ్లు దాన్ని తమదని చెప్పుకోలేదు. 2009లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించినప్పుడు ఆ రెండు దేశాలూ కలిసి ఆ గౌరవం అందుకున్నాయి. ఈ ముక్క చదివినప్పుడే నాకు చురుక్కుమంది. ఎందుకో తర్వాత చెబుతాను.

గోదావరి ఒడ్డున మన ముగ్గురు

మాది భద్రాచలం పోయే దారిలో ఊరు. శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం చూడటానికి జనం ఈ దారినే పోతారు. గుళ్లో సన్నాయీ డోలూ మోగుతాయి. ఆ డోలు చప్పుడు అందరికీ తెలుసు. కానీ గుడి దాటి, ఊరు దాటి, అడవిలోకి వెళితే ఇంకో డోలు ఉంది. అది కోయల డోలు.

కోయల్లో డోలీలని ఒక శాఖవారున్నారు. కోయ వంశాల కథలు చెప్పడం తరతరాలుగా వాళ్ల వృత్తి. పెళ్లికీ, చావుకీ, జాతరకీ వాళ్లు రావాల్సిందే. డోలు తాళానికి నేల వేస్తుంది. కంచుతాళం దానిమీద మెరుపులా పలుకుతుంది. కొమ్ముబూర దూరాన్నుంచి ఎవరో పిలిచినట్టు లేస్తుంది. వీటితో పాటు కథ చెప్పే గొంతు. మనుషులు ముగ్గురైనా, నలుగురైనా, ఐదుగురైనా మూలం మాత్రం ఈ మూడు చప్పుళ్లే: తోలు, కంచు, గాలి.

ఈ మూడూ ఎలా పలుకుతాయో చూడండి. డోలుకి చెట్టు మొద్దు తొలిచి, రెండు వైపులా తోలు మూసి, తాళ్లతో బిగిస్తారు. వానాకాలం తోలు తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, అప్పుడు గొంతు దిగిపోతుంది. ఎండాకాలం బిగుసుకుని గొంతు లేస్తుంది. మన అప్పడాల సంగతే అనుకోండి! కంచు అంటే రాగిలో తగరం కలిపిన లోహం. గంటలు పోసే కంచులో ఇంచుమించు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. అలా కలిపితే లోహం గట్టిపడి, ఒక్క దెబ్బకి చాలాసేపు మోగుతుంది. "కంచు కంఠం" అని ఊరికే అనలేదు పెద్దలు. కొమ్ముబూరకి వేణువులాగా బెజ్జాలుండవు. ఊదేవాడు పెదవుల బిగువు మార్చి స్వరాలు మారుస్తాడు. ఊపిరీ పెదవీ తప్ప ఇంకేం ఆధారం లేని వాయిద్యం అది.

డోలీల దగ్గర పడిగెలని ఉంటాయి. కోణాకారంలో ఉండే గుడ్డ మీద వంశ పురుషుల బొమ్మలుంటాయి. పడిగె విప్పి, బొమ్మ చూపిస్తూ, డోలు మీద దెబ్బ వేస్తూ కథ చెబుతారు. కోయల్లో గట్లు అని ఉంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటారు. ఏ గట్టువారికి ఎవరితో పెళ్లి కుదురుతుంది, ఎవరి వేల్పు ఎవరు అన్నదంతా ఆ పాటలోనే ఉంది. మనకి పెళ్లిలో పంతులుగారు ప్రవర చదివినట్టు, వాళ్లకి డోలు మీద ప్రవర పలుకుతుందన్నమాట. కాగితం లేదు. డోలు ఆగిందంటే వంశచరిత్ర పుస్తకం చిరిగినట్టే.

పండగలకీ పెళ్లిళ్లకీ కొమ్ము కోయల ఆట ఉంటుంది. మగవాళ్లు అడవిదున్న కొమ్ములూ నెమలి ఈకలూ తలకి కట్టుకుని, పెద్ద డోళ్లు మెడకి వేసుకుని, దున్నలు పోట్లాడినట్టు ఆడతారు. ఆడవాళ్లు భుజాల మీద చేతులేసుకుని వరసగా కదులుతారు. వన్యప్రాణి రక్షణ చట్టం 1972 నుంచీ ఉంది కాబట్టి అడవిదున్నని వేటాడటం నేరం. అంటే ఆ కొమ్ములు తాతల నాటివి, కొత్తవి రావు. అత్తగారి కాసులపేరులాగా తరం నుంచి తరానికి చేతులు మారాల్సినవే. ఈ ఆట ఆడే ఊళ్లు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల వైపూ చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని పోలవరం ముంపు కిందికి వచ్చేవి. ఊరు కదిలితే మూటాముల్లె కదులుతుంది గానీ, ఆ ఊరి వేల్పు గద్దె దగ్గర కొట్టే డోలుని ఏ బండిలో ఎక్కిస్తాం చెప్పండి?

సకిని రామచంద్రయ్య గారు

మణుగూరు మండలంలో కూనవరం అనే ఊరుంది (పైన చెప్పిన కూనవరం వేరు, ఇది వేరు). ఆ ఊరి సకిని రామచంద్రయ్య గారు కంచుమేళం, కంచుతాళం కళాకారుడు. బడి చదువు లేదు. అయినా కోయ భాషలోనూ, తెలుగులోనూ వీరుల కథలు గొంతు నిండా ఉండేవి. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గడికామరాజు, ఇలా ఎందరి కథలో.

మేడారం జాతర మనకందరికీ తెలుసు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కని, కన్నెపల్లి నుంచి సారలమ్మని, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజుని, కొండాయి నుంచి గోవిందరాజుని తెస్తారు. మనం నిలువెత్తు బంగారం (అదే, బెల్లం) మొక్కు తీర్చుకుని, ఫొటో తీసుకుని వచ్చేస్తాం. ఆ తల్లుల కథని కోయలు తమ నోటితో ఎలా చెప్పుకుంటారో అడిగామా? అది రామచంద్రయ్య గారిలాంటివాళ్ల నోట్లోనే ఉంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ఈ పడిగెల వెంటా, డోలీల వెంటా తిరిగి, వాళ్లు చెప్పిన కథల్ని పుస్తకంగా తెచ్చారు. జానపద, గిరిజన వాయిద్యాల్ని సేకరించి "మూలధ్వని" పేరుతో హైదరాబాద్‌లో ప్రదర్శన కూడా పెట్టారు.

2022లో రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికీ వచ్చింది. ఆదిలాబాద్ గుస్సాడీ కనకరాజు గారికి అంతకు ముందు ఏడు, 2021లో వచ్చింది. ముగ్గురూ మన తెలంగాణవాళ్లే. రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆ ఏడే అక్టోబరులో కనకరాజు గారూ పోయారు.

పందిట్లో నేను చేసిన పని

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్లి. ఎదురుకోళ్లకి "వెరైటీగా ఉంటుంది" అని డోలు వాయించేవాళ్లని పిలిపించారు. ముగ్గురు పెద్దవాళ్లు వచ్చారు. ఇద్దరికి డోళ్లు, ఒకాయనకి తాళాలు. మగపెళ్లివారు దిగగానే వాళ్లు మొదలుపెట్టారు. ఫొటోలు తీసుకున్నాం, చుట్టూ చేరి నాలుగడుగులు వేశాం. ఇంతలో డీజే అబ్బాయి పెట్టెలు సిద్ధం అన్నాడు. పెత్తనం నాది కదా, నేనే వెళ్లి "చాలు తాతా, ఇక ఆపండి, భోంచేసి వెళ్లండి" అన్నాను. తాళాల తాత చెయ్యి ఎత్తి, ఇంకొంచెం ఉంది, పూర్తి చేస్తాం అన్నట్టు సైగ చేశాడు. "టైము లేదు" అని డబ్బు చేతిలో పెట్టేశాను. డీజే మోత మొదలైంది. వాళ్లు డోళ్లు దించి ఒక పక్కన కూర్చున్నారు.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. రామచంద్రయ్య గారు పోయిన వార్త చదివి, డోలు పాటలో పెద్దల పేర్లు తలుస్తారని తెలుసుకున్నాక గుండెలో కలుక్కుమంది. మన పంతులుగారు సంకల్పం చెబుతుంటే మధ్యలో "చాలు, ఆపండి" అంటామా? నేను ఆపింది ఎవరి పేరు దగ్గరో! ఆ ముగ్గురూ ఏ ఊరివాళ్లో కూడా అడగలేదు నేను. భోజనం పెట్టాను, డబ్బిచ్చాను, అంతా సరిగ్గానే చేశానన్న ధీమా.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పారిస్ మెచ్చేదాకా టాంగోని గడప తొక్కనివ్వని పెద్దిళ్లకీ, ఢిల్లీ పద్మశ్రీ ఇచ్చేదాకా డోలుని "వెరైటీ" అనుకున్న నాకూ ఏమిటి తేడా?

ఒక గురువమ్మ మాట

అర్జెంటీనాలో ఆస్టర్ పియాజొల్లా (1921–1992) అనే ఆయన బాండోనియన్ వాయించేవాడు. చిన్నతనం న్యూయార్క్‌లో గడిచింది, అక్కడ జాజ్ చెవిన పడింది. పెద్దయ్యాక గొప్ప శాస్త్రీయ సంగీతకారుడు కావాలని 1954లో పారిస్ వెళ్లి నాడియా బులాంజే అనే గురువు దగ్గర చేరాడు. తాను టాంగో వాయించేవాణ్నని చెప్పుకోడానికి సిగ్గుపడి దాచాడు. ఆవిడ ఆయన రాసినవన్నీ చూసి, ఇందులో నువ్వెక్కడున్నావు అన్నారు. చివరికి నిజం బయటపెట్టి ఒక టాంగో వాయిస్తే, అసలు పియాజొల్లా ఇక్కడున్నాడు, దీన్ని వదలొద్దు అన్నారట. ఆయన తిరిగి వెళ్లి టాంగోలోకి జాజ్‌నీ శాస్త్రీయ సంగీతాన్నీ కలిపాడు. పాతకాలపువాళ్లు మండిపడ్డారు, అయినా మానలేదు. 1974లో జెర్రీ మల్లిగన్ అనే జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడితో కలిసి రికార్డు కూడా చేశాడు. ఈనాడు మా అమ్మాయి వింటున్న ముగ్గురి మేళాలకి దారి వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు.

చూశారా, ఒక ఆడమనిషి సరైన వేళకి చెప్పిన ఒక్క మాట! మన ఇళ్లలో అలాంటి మాట చెప్పగలిగేది మనమే. పిల్లలు ఏది విని గొప్పనుకుంటారో, ఏది విని నామోషీ అనుకుంటారో చాలావరకు తల్లి మొహం చూసే నేర్చుకుంటారు.

మనం చేయగలిగినవి

పెద్ద పెద్ద పనులు ప్రభుత్వాలు చూసుకుంటాయి. మన చేతిలో ఉన్నవి ఇవి:

1. ఇంట్లో శుభకార్యానికి డోలు మేళాన్ని పిలిస్తే, ఎంతసేపు వాయిస్తారో ముందే అడిగి ఆ సమయం వాళ్లకే వదలండి. డీజే ఎక్కడికీ పోదు, తర్వాత పెట్టుకోవచ్చు.

2. డబ్బు, రానూపోనూ ఖర్చు ముందే మాట్లాడుకోండి. భోజనం చుట్టాలతో పాటు బంతిలోనే పెట్టండి. పేరూ, ఊరూ అడగండి.

3. ఫోనులో వీడియో తీసేముందు వాళ్లని అడగండి. కొన్ని పాటలు వేల్పులవి, ఎక్కడ పడితే అక్కడ వినిపించేవి కావు.

4. భద్రాచలం వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక ఐటీడీఏ దగ్గర గిరిజన మ్యూజియం చూపించండి. రాముడి గుడికి వచ్చిన పిల్లలకి ఆ రాముడు నడిచిన అడవి మనుషుల సంగతీ తెలియాలి కదా!

పిల్లలతో ఇంట్లోనే ముగ్గురి మేళం

సెలవుల్లో ఇది చేసి చూడండి, ఖర్చు లేదు. పింగాణీ గిన్నెలు ఏడు తీసుకోండి. ఒక్కోదాంట్లో ఒక్కో కొలత నీళ్లు పోయండి. నీళ్లు ఎక్కువైతే గొంతు దిగుతుంది, తగ్గితే లేస్తుంది. చెంచాతో కొంచెం పోస్తూ, తీస్తూ స రి గ మ కుదుర్చుకోవాలి. సన్నటి వెదురు పుల్లలతో అంచు మీద మెల్లిగా కొట్టాలి. ఇదే జలతరంగం! ప్లాస్టిక్ గిన్నెలు పలకవు. ఇది ఒకరికి. రెండోవారికి బాగా ఆరిన మట్టికుండ, అది ఘటం. మూడోవారికి కంచు గ్లాసు, ఒక చెంచా.

కుండవాళ్లు ఎనిమిది లెక్కలో "తకిట తకిట తక" అని కొట్టాలి. మూడు, మూడు, రెండు. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద దెబ్బ గట్టిగా పడాలి. నవ్వకండి, పియాజొల్లా టాంగోలో పదేపదే వచ్చే లెక్క సరిగ్గా ఇదే! జలతరంగం పాట పలకాలి, గ్లాసు బదులివ్వాలి. ఒకరు వాయిస్తుంటే మిగతా ఇద్దరూ వినాలి, అదే అసలు పాఠం.

మా ఇంట్లో మొన్న చేశాం. అమ్మాయి జలతరంగం, అబ్బాయి కుండ, నేను గ్లాసు. మావారు తలుపు దగ్గర నిలబడి "వంట అయిందా?" అన్నారు. "పాట అవనివ్వండి" అన్నాను. అన్నాక నాకే ఆ తాత ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది.

వచ్చే మాఘంలో మా ఇంట్లో ఒక శుభకార్యం అనుకుంటున్నాం. ఈసారి ఆ ముగ్గురి కోసం వెతుకుతాను. దొరికితే పాట మొదటి నుంచీ చివరిదాకా వింటాను. దొరక్కపోతే వాళ్ల ఊరి పిల్లలెవరైనా నేర్చుకున్నారేమో అడుగుతాను. ఆరోజు ఎక్కడ ఆపానో, అక్కడి నుంచి ముందుకి ఏముందో తెలుసుకోవాలని ఉంది.